ముందు ముక్కుకే తెలుస్తుంది

పెద్దగట్టు జాతర నుంచి మిర్యాలగూడ మిల్లుల దాకా, తొలకరి మట్టి నుంచి చేపల పులుసు దాకా... వాసన మనకు ఎలా తెలుస్తుంది, తెలిశాక మనల్ని ఏం చేస్తుంది?

రెండేళ్లకోసారి, మాఘమాసంలో, హైదరాబాద్–విజయవాడ రహదారి మీద సూర్యాపేట దాటగానే గాలి మారిపోతుంది. చివ్వెంల మండలం దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర మొదలైందంటే లక్షల మంది పెద్దగట్టు చేరతారు. తెలంగాణలో మేడారం తర్వాత అంతటి జాతర ఇదేనని పేరు. 2025 ఫిబ్రవరిలో కూడా ఐదు రోజుల పాటు భేరీల మోత, ‘ఓ లింగా’ అనే పిలుపు గుట్ట చుట్టూ మారుమోగాయి. ఆ మోతను, ఆ జనాన్ని టీవీ చూపించగలదు. సాంబ్రాణి పొగను, గంపల్లోని పసుపును, గొర్రెల మందను, చెట్ల కింద రాళ్ల పొయ్యిల మీద ఉడుకుతున్న యాట కూరను, వీటన్నిటి మీదా లేచిన దుమ్మును కలిపి ముక్కుకు అందించడం మాత్రం ఏ కెమెరాకూ చేతకాదు. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని గట్టుకు వెళ్లినవాళ్లకు ఎక్కువగా గుర్తుండిపోయేది అదే.

లింగమంతుల స్వామి యాదవుల ఇలవేల్పు. మందను నమ్ముకుని బతికినవాళ్లకు ముక్కు విలువ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఈనిన గొర్రె, తన పిల్లను నాకుతూ మొదటి రెండు గంటల్లోనే దాని వాసన పట్టేస్తుంది. ఆ తర్వాత వేరే పిల్ల పొదుగు దగ్గరికి వస్తే కుమ్మి తరిమేస్తుంది. అందుకే తల్లిలేని పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేయడానికి, ఆ గొర్రెకు పుట్టి చనిపోయిన పిల్ల తోలును దీని మీద కప్పే పద్ధతి లోకంలో ఎన్నో చోట్ల కాపరులకు తెలుసు. ఆ గొర్రె బుర్రలో ఏం జరుగుతుందో 1992లో ఇంగ్లండ్‌లోని బాబ్రహాంలో కీత్ కెండ్రిక్ బృందం కొలిచి చూసింది. ఈనక ముందు గొర్రె మెదడులోని వాసన కేంద్రం మేత వాసనలకే ఎక్కువగా స్పందించేది. ఈనిన తర్వాత పిల్లల వాసనకు స్పందించే కణాలు బాగా పెరిగాయి. వాటిలో కొన్నయితే సొంత పిల్ల వాసనకే లేచేవి. కాన్పు ఆ తల్లి ముక్కునే మార్చేసిందన్నమాట.

మనుషుల సంగతి దీనికి దూరమేమీ కాదు. 1994లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో అప్పుడే పుట్టిన 30 మంది పసికందులను తల్లి రొమ్ము మీద పడుకోబెట్టారు. అంతకుముందే ఒక పక్క రొమ్మును కడిగారు, రెండోది కడగలేదు. 30 మందిలో 22 మంది కడగని వైపే వెతుక్కుంటూ వెళ్లారు. కళ్లు సరిగా నిలవని వయసులో, మెడ నిలవని వయసులో, ముక్కు దారి చూపించింది. తల్లుల వైపు నుంచి చూసినా అంతే: బిడ్డను గంటసేపు దగ్గర ఉంచుకున్న బాలింతల్లో ఎక్కువ మంది ఆ తర్వాత ఒట్టి చొక్కా వాసనతోనే తమ బిడ్డది ఏదో చెప్పగలిగారని 1987లో జెరూసలేంలో తేలింది.

ఇంత పని చేసే ఇంద్రియాన్ని మనిషి ఎందుకో ఎప్పుడూ వెనక వరుసలోనే కూర్చోబెట్టాడు. కన్ను పోతుందేమో అంటే వణికిపోతాం, ముక్కు పనిచేయడం లేదంటే జలుబేలే అనుకుంటాం. ఈ చిన్నచూపుకు శాస్త్రం వైపు నుంచి కొంత బాధ్యత 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకాది. మెదడు మొత్తంతో పోలిస్తే మనిషిలో వాసన భాగం చిన్నదిగా కనిపించేసరికి, ఆలోచన పెరిగిన జీవికి వాసన తగ్గిందని ఆయన తేల్చేశాడు. ఆ మాట పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. 2017లో అమెరికా శాస్త్రవేత్త జాన్ మెక్‌గాన్ సైన్స్ పత్రికలో ఆ లెక్కను తిరగతోడి, మనిషి ముక్కు మొద్దుబారిందన్నది ఆధారం లేని నమ్మకమని రాశాడు. అంతకు పదేళ్ల ముందే బర్కిలీలో 32 మంది విద్యార్థుల కళ్లకు గంతలు, చెవులకు మూతలు, చేతులకు గ్లవ్స్ పెట్టి, గడ్డి మీద చాక్లెట్ నూనెతో గీసిన గీత పట్టుకుని పాకమన్నారు. 21 మంది గీత వెంటే పోయారు. సాధన చేసిన కొద్దీ వేగం కూడా పెరిగింది.

గాలి నుంచి బుర్రకు

ఒక వస్తువుకు వాసన ఉందంటే దాని నుంచి అణువులు విడిపోయి గాలిలోకి లేస్తున్నాయని అర్థం. రాతికి, గాజుకు వాసన లేనిది వాటి నుంచి లేచేదేమీ లేక. వేడి తగిలితే ఎక్కువ లేస్తాయి కాబట్టే పొయ్యి మీది కూర వీధిలోకి తెలుస్తుంది, చల్లారాక వంటింట్లోకే తెలియదు. ఊపిరితో లోపలికి వెళ్లిన అణువులు ముక్కు పైకప్పులో, దాదాపు రెండు కళ్ల మధ్య ఎత్తున ఉండే కొద్ది చదరపు సెంటీమీటర్ల పొర మీద పడతాయి. ఆ పొరలోని జిగురులో లక్షల నాడీకణాలు సన్నని తంతువులు చాచి ఉంటాయి. మెదడుతో నేరుగా ముడిపడిన నాడీకణాలు బయటి గాలికి ఇంతగా తగిలే చోటు శరీరంలో ఇంకెక్కడా లేదు. దుమ్ము, పొగ, వైరస్ అన్నీ వాటి మీదే పడతాయి. అందుకే అవి నెలా రెండు నెలల్లో చచ్చిపోతుంటాయి, వాటి స్థానంలో కొత్తవి పుడుతుంటాయి. చాలావరకు పుట్టినప్పటి నాడీకణాలతోనే బతుకంతా గడిపే మెదడు పక్కనే ఇలాంటి ఏర్పాటు ఉండడం అపురూపం.

ఈ కణాలు దేన్ని ఎలా గుర్తుపడతాయన్నది 1991 దాకా చీకటే. ఆ ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయంలో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ వాసన గ్రాహకాలను తయారుచేసే జన్యువుల కుటుంబాన్ని పట్టుకున్నారు. ఎలుకజాతిలో వాటి సంఖ్య వెయ్యి దాకా ఉంటుంది. మనిషిలో పనిచేస్తున్నవి సుమారు 400. ప్రపంచంలోని రంగులన్నీ చూడటానికి కంటికి మూడు రకాల గ్రాహకాలు సరిపోతున్నాయంటే, ముక్కు కోసం ప్రకృతి ఎంత ఖర్చుపెట్టిందో తెలుస్తుంది. ఈ పనికి ఇద్దరికీ 2004లో నోబెల్ వచ్చింది.

ఒక్కో నాడీకణం మీద ఒకే రకం గ్రాహకం ఉంటుంది. కానీ ఒక్కో వాసనకు ఒక్కో గ్రాహకం అన్న లెక్క లేదు. ఒక అణువు కొన్ని గ్రాహకాలను గట్టిగా, కొన్నిటిని మెల్లగా తట్టి లేపుతుంది. ఇంకో అణువు వాటిలో కొన్నిటినీ, వేరేవి మరికొన్నిటినీ లేపుతుంది. యాభై చిల్లర అక్షరాలతో తెలుగు మాటలన్నీ రాసుకున్నట్టే 400 గ్రాహకాల కలయికలతో బుర్ర లెక్కలేనన్ని వాసనలను విడదీస్తుంది. లక్ష కోట్ల వాసనలను మనిషి వేరు చేయగలడని 2014లో ఒక అంచనా వచ్చింది. ఆ లెక్క కట్టిన తీరును ఇతర శాస్త్రవేత్తలు తప్పుపట్టారు కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడక్కర్లేదు. చాలా ఎక్కువ అన్నది మాత్రం ఎవరూ కాదనలేదు. మనిషి వాసన గ్రాహకం ఒక అణువును పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అణుస్థాయిలో మొదటిసారి చూడగలిగింది 2023లోనే. అంటే ఈ శాస్త్రం ఇంకా బాల్యంలోనే ఉంది.

చూపు, వినికిడి, స్పర్శ మెదడు పై పొరకు చేరాలంటే మధ్యలో థాలమస్ అనే కూడలి దాటాలి. వాసన ఆ కూడలి దగ్గర ఆగదు. ముక్కు పైనున్న జల్లెడ ఎముక రంధ్రాల గుండా వాసన కేంద్రానికి, అక్కడి నుంచి సూటిగా భయం, ఇష్టం పుట్టే చోటికి, జ్ఞాపకాలు అల్లుకునే చోటికి వెళుతుంది. ఏ వాసనో పేరు తట్టక ముందే కడుపులో తిప్పడమో, మనసు తేలికపడడమో జరిగిపోయేది అందుకే. 2006లో స్వీడన్ పరిశోధకులు పెద్దవయసు వాళ్లకు కొందరికి మాటలు, కొందరికి బొమ్మలు, కొందరికి వాసనలు ఇచ్చి ఏం గుర్తొచ్చిందో అడిగారు. మాటలు, బొమ్మలు ఎక్కువగా పదేళ్లు దాటిన తర్వాతి రోజులను తెచ్చాయి. వాసనలు పదేళ్లలోపు రోజులను తెచ్చాయి. డాలస్‌లో స్థిరపడిన కోదాడ మనిషికి ఆవకాయ జాడీ మూత తీయగానే తన ఉద్యోగమో పెళ్లో కాకుండా అమ్మమ్మ వాళ్ల వంటిల్లే ఎందుకు కళ్లముందు నిలుస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మిల్లు గాలి

మిర్యాలగూడకు కొత్తగా వచ్చేవాళ్లకు ఊరి పొలిమేర బోర్డు కంటే ముందు గాలే చెబుతుంది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక ఈ ప్రాంతమంతా వరి మాగాణి అయింది. వరి వెంట మిల్లులు వచ్చాయి. ఆసియాలోనే పెద్ద బియ్యం మిల్లుల కేంద్రాల్లో ఒకటిగా ఊరికి పేరొచ్చింది. ఆ గాలిలో నానిన వడ్ల పులుపు, ఆవిరి, ఊక పొగ, తవుడు కలిసి ఉంటాయి. బస్సు దిగినవాళ్లు మొహం చిట్లిస్తారు. ఊళ్లోవాళ్లను అడిగితే ‘వాసనా? ఏం వాసన?’ అంటారు. అది అబద్ధం కాదు. ముక్కు పని ఉన్న వాసనను చెబుతూ కూర్చోవడం కాదు, వచ్చిన మార్పును చెప్పడం. ఒకే అణువు వరసగా తగులుతుంటే కొద్ది నిమిషాల్లోనే కణాలు స్పందించడం తగ్గిస్తాయి. నెలలు, ఏళ్లు ఆ గాలిలోనే ఉంటే మెదడు దాన్ని లెక్కలోంచే తీసేస్తుంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంలో పమేలా డాల్టన్ 1996లో కొందరి ఇళ్లలో రెండు వారాలు ఒకే వాసన ఉంచింది. ఆ వాసనను పట్టే శక్తి వాళ్లలో తగ్గిపోయింది. వాసన తీసేశాక కూడా అది తిరిగి రావడానికి రోజులు పట్టింది.

ఆ పులుపు వెనక కారణం ఉంది. యాసంగి వడ్లు ఎండలకు లోపలే పగుళ్లిచ్చి, పచ్చిగా మర పట్టిస్తే నూకలవుతాయి. అందుకే వాటిని నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. పాత పద్ధతిలో తొట్లలో చల్లనీళ్లు పోసి ఒకటి నుంచి మూడు రోజులు నానబెట్టేవారు. అంతసేపట్లో సూక్ష్మజీవులు పెరిగి నీళ్లు పులుస్తాయి, ఆ కంపు గింజలోకి దిగుతుంది, అన్నంలోనూ వదలదు. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ దీనికి వేడినీళ్ల పద్ధతి కనిపెట్టింది. 65 నుంచి 70 డిగ్రీల నీళ్లలో మూడు నాలుగు గంటలు నానబెడితే చాలు, పులిసే తీరికే ఉండదు. దేశంలో ఉప్పుడు బియ్యం పరిశ్రమ రూపాన్ని మార్చిన ఈ పనికి మూలం ముక్కు చేసిన ఫిర్యాదే.

తవుడు సంగతి వేరు. గింజ మీద ఉన్నంతసేపూ తవుడులోని నూనె, దాన్ని విరిచే ఎంజైమ్ వేర్వేరు అరల్లో ఉంటాయి. మర పడగానే రెండూ కలుస్తాయి. గంటల్లో నూనె విరగడం మొదలై చేదు కంపు కొడుతుంది. పచ్చి బియ్యం తవుడును నూనె మిల్లుకు అంత తొందరగా తోలేది ఇందుకే. ఉప్పుడు వడ్లలో ఆవిరి ఆ ఎంజైమ్‌ను ముందే చంపేస్తుంది కనుక ఆ తవుడు నిలవుంటుంది.

కొనుగోలు కేంద్రంలో వడ్లకు తేమ 17 శాతం దాటకూడదని నిబంధన. దాన్ని కొలవడానికి మీటర్ ఉంది. అయినా కల్లంలో రాశి చూసిన రైతు ముందు చెయ్యి లోపలికి దూర్చి పిడికెడు వడ్లు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. తడిసిన వడ్లు కుప్పలో ఊపిరి తీసుకుంటాయి, వేడెక్కుతాయి, బూజు పడుతుంది. ఆ ముక్కిన వాసన రాశి పైకి రంగు మారడం కంటే ముందే లోపల నుంచి వస్తుంది. అకాల వర్షానికి తడిసిన రాశి ముందు నిలబడ్డ మనిషికి ఆ వాసన ఏం చెబుతుందో ఏ మీటర్‌కూ చెప్పడం రాదు.

మంచి వాసన కథ కూడా ఈ గింజలోనే ఉంది. చిట్టిముత్యాలు ఉడుకుతుంటే ఇల్లంతా నిండే ఘుమఘుమకు, బాస్మతి పరిమళానికి మూలం ప్రధానంగా ఒకే పదార్థమని 1982లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రవేత్త రాన్ బట్టరీ బృందం తేల్చింది. పేరు 2-అసిటైల్-1-పైరొలీన్. వంద కోట్ల పాళ్ల నీళ్లలో పదో వంతు పాలు ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. మామూలు సన్నబియ్యంలోనూ ఇది ఉంటుంది, కాకపోతే చాలా తక్కువ. సువాసన రకాల్లో ఎక్కువ వాటిలో ఎనిమిదో క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో ఎనిమిది అక్షరాలు జారిపోయాయి. దాంతో దాని ఎంజైమ్ పనిచేయక ఈ పదార్థం పేరుకుంటుందని 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అంటే తరతరాలుగా రైతులు ముక్కుతో ఏరుకుంటూ వచ్చింది ఒక విరిగిన జన్యువును. ఇదే పదార్థం ఇప్పపువ్వులో ఉంది, మొక్కజొన్న పేలాల్లో ఉంది, పులి తన హద్దు చెప్పడానికి చెట్ల మీద చిమ్మే ద్రవంలోనూ ఉంది. ఈ చివరి సంగతి కనిపెట్టింది కోల్‌కతా జీవశాస్త్రవేత్త ఆర్.ఎల్. బ్రహ్మచారి.

పేరు మారితే

అడవిలో పులి జాడ, పళ్లెంలో పండగ. అణువు ఒక్కటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికా మనస్తత్వవేత్త రేచెల్ హెర్జ్ 2001లో కొందరికి ఒక సీసా వాసన చూపించి చీజ్ అని చెప్పింది. మరోసారి అదే సీసా ఇచ్చి వాంతి అని చెప్పింది. మొదటిసారి బాగుందన్నవాళ్లే రెండోసారి మొహం తిప్పుకున్నారు. చాలామంది రెండూ ఒకటే సీసా అంటే నమ్మలేదు. పమేలా డాల్టన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక గదిలో అందరినీ ఒకే వాసనలో కూర్చోబెట్టి, కొందరికి అది మూలికల సారమని, మరికొందరికి హాని చేసే పారిశ్రామిక రసాయనమని చెప్పింది. మూలిక అనుకున్నవాళ్లకు కాసేపట్లో వాసన తగ్గిపోయింది. రసాయనం అనుకున్నవాళ్లకు అది తగ్గకపోగా తలనొప్పి, గొంతుమంట కూడా మొదలయ్యాయి.

మల్లెపూవునే చూడండి. దాని పరిమళంలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. మనిషి మలంలోనూ అదే ఉంటుంది. పలచగా, ఇతర పూల అణువులతో కలిసి వస్తే అది మల్లెకు మత్తునిస్తుంది. అది లేకుండా తయారుచేసిన మల్లె సెంటు చప్పగా ఉంటుంది.

ఇష్టాయిష్టాల్లో ఎక్కువ భాగం నేర్చుకున్నవే. నేర్పు కడుపులోనే మొదలవుతుంది. గర్భిణులు క్యారెట్ రసం తాగితే, తర్వాత వాళ్ల బిడ్డలు క్యారెట్ కలిపిన ఆహారాన్ని తక్కువ పేచీతో తిన్నారని 2001లో మోనెల్ కేంద్రమే ప్రచురించింది. ఇంగువ పోపు వాసనకు పరాయి దేశస్థుడు కిటికీ మూసుకుంటే మనవాడికి ఆకలి పుట్టడంలో వింతేమీ లేదు. ఇద్దరి ముక్కులూ ఒకటే, పెరిగిన ఇళ్లు వేరు.

అసహ్యం కూడా నేర్చుకున్నదే. రెండు మూడేళ్లలోపు పిల్లలు మలం వాసనను పెద్దవాళ్లలా ఈసడించుకోరని పరిశోధకులు గమనించారు. ఆ ఈసడింపు తర్వాత ఇంట్లో, వీధిలో అలవడుతుంది. వాసన నుంచి మనిషి మీదికి కూడా జరుగుతుంది. పాకీపని చేసినవాళ్లను, తోళ్లపని చేసినవాళ్లను మన సమాజం వందల ఏళ్లు ముక్కు మూసుకుని దూరం పెట్టింది. ఆ కంపు పుట్టించినవాళ్లు శుభ్రంగానూ, ఎత్తిపోసినవాళ్లు మురికిగానూ లెక్కకు వచ్చారు. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ తన వాళ్లు చేస్తున్న ఈ పనిని చూసి సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. పాకీపనిని, రక్షణ లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అయినా మనుషులు దిగుతూనే ఉన్నారు, చనిపోతూనే ఉన్నారు. ఆ ట్యాంకుల్లో ముక్కు చేసే ద్రోహం ఒకటి అందరికీ తెలియాలి. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు దాటితే వాసన నాడి చచ్చుబడుతుంది. కంపు పోయిందనుకున్న క్షణంలోనే మనిషి ప్రాణాంతకమైన గాలిలో ఉంటాడు.

మట్టి, చేప, చింతపండు

17వ శతాబ్దంలో అన్నంభట్టు తర్కసంగ్రహం రాశాడు. తెలుగువాడని పండితులు చెప్పే ఆయన చిన్న పుస్తకం ఇప్పటికీ తర్కశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థికి తొలి పాఠం. అందులో గంధం పృథివికి మాత్రమే ఉండే గుణం. నీటికి, గాలికి వాసన తోస్తే అది వాటిలో కలిసిన పృథివి అంశదే. ఇప్పటి రసాయనశాస్త్రం ఆ వర్గీకరణను ఒప్పుకోదు. కానీ వాసన అనగానే మట్టిని తలచుకున్న ఆ పరిశీలన ఎక్కడి నుంచి వచ్చిందో రోహిణి కార్తె ఎండల తర్వాత తొలి చినుకు పడ్డప్పుడు చివ్వెంల చెలకల్లో నిలబడిన ఎవరికైనా తెలుస్తుంది.

ఆ వాసన మీద పేరొందిన శాస్త్రీయ వ్యాసం 1964లో నేచర్ పత్రికలో వచ్చింది. రాసింది ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓలోని ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్. ఎండాకాలంలో మొక్కల నుంచి వచ్చే నూనెలు మట్టికి, రాతికి పడతాయి, వాన తగలగానే విడుదలవుతాయి అని వాళ్లు చెప్పారు. వాళ్లకంటే ముందే ఈ పని ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరు బట్టీల్లో జరుగుతోంది. కాల్చిన మట్టి బిళ్లలను ఆవిరి పట్టి, ఆ వాసనను చందన తైలంలో బంధించి మట్టి అత్తరు తీస్తున్నారు. 1965లో అమెరికాలో నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లెషెవాలియే మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారుచేసే పదార్థాన్ని వేరుచేసి జియోస్మిన్ అని పేరు పెట్టారు. లీటరు నీటిలో గ్రాములో వంద కోట్లవ వంతులు ఐదారు ఉన్నా మనిషి ముక్కు దీన్ని పట్టేస్తుంది. 2015లో ఎంఐటీ ఇంజనీర్లు హైస్పీడ్ కెమెరాతో చినుకు పడే తీరును తీశారు. చినుకు నేల మీద పడినప్పుడు అడుగున గాలి బుడగలు చిక్కుకుని, పైకి లేచి పగిలి, మట్టిలోని తుంపరలను గాలిలోకి చిమ్ముతాయి. చిరుజల్లుకు వచ్చినంత వాసన కుండపోతకు రాదు. 2020లో ఇంకో ముడి విడింది. ఈ వాసన నిజానికి మన కోసం కాదు. నేలలో తిరిగే స్ప్రింగ్‌టెయిల్ అనే బుల్లి జీవులు దీనికి ఆకర్షితమై వచ్చి ఆ సూక్ష్మజీవులను తిని, వాటి బీజాలను మోసుకెళ్లి చల్లుతాయి.

చెరువు చేపకు వచ్చే మట్టి వాసన కూడా జియోస్మిన్‌దే. నీళ్లు తగ్గిన చెరువులో నాచులాంటి సూక్ష్మజీవులు పెరిగి దీన్ని వదులుతాయి, చేప కొవ్వులో ఇది చేరుతుంది. ఆమ్లం తగిలితే జియోస్మిన్ రూపం మారి వాసన లేనిదవుతుంది. నీచు వాసనకు కారణమైన ట్రైమిథైల్ అమీన్‌ను కూడా ఆమ్లం కట్టిపడేస్తుంది. సూర్యాపేట, కోదాడ ఇళ్లలో చేపను ఉప్పు, నిమ్మరసం పట్టించి కడిగి, చిక్కటి చింతపండు పులుసులో వండడం వెనక రుచి ఒక్కటే లేదు. ఏ అణువు పేరూ తెలియని ఆడవాళ్లు ముక్కునే ప్రయోగశాల చేసుకుని తరతరాలుగా సాధించిన రసాయన విద్య అది. ఆ విద్యకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

పులుసు ముద్ద నోట్లో పెట్టుకున్నాక కూడా పని ముక్కుదే. నాలుక చెప్పేది ఉప్పు, పులుపు, తీపి, చేదు, మాంసపు రుచి వరకే. చేప పులుసుకు, దోసకాయ పులుసుకు తేడా నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి లేచే ఆవిరి చెబుతుంది. ముక్కు మూసుకుని తింటే ఆ తేడాలో ఎక్కువ భాగం మాయమవుతుంది. మిరపకాయలు వేయించినప్పుడు వీధంతా దగ్గించే ఘాటు మాత్రం వాసన కాదు. అది ముఖంలోని నొప్పి నాడిది, కాలడాన్ని చెప్పే నాడినే కారం తట్టి లేపుతుంది. ముక్కు పూర్తిగా పోయినవాళ్లకు కూడా ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లు వస్తాయి.

ముక్కు మూగబోతే

వంటగ్యాస్‌కు సొంత వాసన ఉండదు. మనం గ్యాస్ వాసన అనుకునేది అందులో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్‌ది. వంటగ్యాస్ కాకపోయినా వాసన లేని వాయువు ఎంత చేటో 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ ఊరి బడి చూసింది. లీకైన సహజవాయువు ఎవరికీ తెలియలేదు. పేలుడులో దాదాపు 300 మంది, అందులో ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. వాయువులో కంపు కలపాలన్న చట్టం ఆ తర్వాతే అక్కడ వచ్చింది.

కానీ నిద్రలో ఈ కాపలా పనిచేయదు. 2004లో మేరీ కార్స్‌కడాన్, రేచెల్ హెర్జ్ గాఢనిద్రలో ఉన్నవాళ్ల ముక్కు దగ్గర కంపు కొట్టే పిరిడిన్ పెట్టి చూస్తే చాలామంది లేవలేదు, చప్పుడుకు మాత్రం లేచారు. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. కర్మాగారాల పక్కన ఊళ్లకు సైరన్ ఉండాలని, అది మోగాలని అడగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఆ ఏడాదే కరోనా కోట్ల మందికి ముక్కు అంటే ఏమిటో నేర్పింది. వైరస్ వాసన నాడీకణాలను నేరుగా కాకుండా వాటిని పోషించే పక్క కణాలను పట్టుకుంటుందని హార్వర్డ్‌లోని సందీప్ రాబర్ట్ దత్తా బృందం 2020లోనే చూపించింది. పక్క కణాలు తేరుకున్నవాళ్లకు కొద్ది వారాల్లో వాసన తిరిగొచ్చింది. కొందరికి వచ్చింది కానీ తప్పుగా వచ్చింది: కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, కోడికూర భరించలేని కంపు కొట్టాయి. పుట్టుకొచ్చిన కొత్త నాడీకణాలు కేంద్రంలో తమ తమ చోట్లకు సరిగా చేరకపోవడం దీనికి ఒక వివరణ. ఆ నెలల్లో వాళ్లు తిండి తగ్గించారు, బరువు తగ్గారు, మనసు మూగబోయిందన్నారు. ఇంట్లోవాళ్లకు అది కనిపించే జబ్బు కాదు కనుక చాలామందికి ఓదార్పు కూడా దొరకలేదు.

వాసన పోవడం ఇంకో కబురు కూడా తేవచ్చు. పార్కిన్సన్స్ జబ్బులో చేతి వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే చాలామందికి వాసన తగ్గుతుంది. అరవై దాటినవాళ్లలో ముక్కు పదును తగ్గడం మామూలే కాబట్టి ప్రతి తగ్గుదలకూ భయపడక్కర్లేదు. జలుబు లేకుండా వారాల తరబడి వాసన తెలియకపోతే, తలకు దెబ్బ తగిలాక తెలియకపోతే, ఈఎన్‌టీ డాక్టరుకు చెప్పడం అవసరం. ఇంట్లో పెద్దవాళ్లు కూర మాడినా గమనించడం లేదంటే గ్యాస్ లీకైనా గమనించరని అర్థం, ఆ ఇంట్లో డిటెక్టర్ పెట్టడం మంచిది.

పోయిన వాసనకు మందు ఇంకా పెద్దగా లేదు, సాధన ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ 2009లో మొదలుపెట్టిన పద్ధతిలో నాలుగు వాసనలు వాడతారు: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోదాన్ని కొన్ని సెకన్లు పీల్చాలి. ఏమీ తెలియకపోయినా అది ఏ వాసనో తలచుకుంటూ పీల్చాలి. ఇలా 12 వారాలు చేసినవాళ్లలో చేయనివాళ్లకంటే మెరుగు కనిపించింది, ఎక్కువ నెలలు చేసినవాళ్లలో ఇంకా మెరుగని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. ఆ నాలుగూ చివ్వెంలలోనైనా, కోదాడలోనైనా మందుల షాపు, కిరాణా కొట్టు, పూల దుకాణం మధ్య కొద్ది ఖర్చుతో సమకూరేవే.